సరుగుడు కొమ్మ, కడియం మొక్క: మా క్రిస్మస్ చెట్టు డైరీ

నవంబరు 19, 2023

అటక మీద నుంచి ప్లాస్టిక్ చెట్టు దింపాను. కొమ్మలకున్న పచ్చ పీచు సగం రాలిపోయి తీగలు బయటపడ్డాయి, అడుగు స్టాండు ఎలకలు కొరికేశాయి. నాన్న అరుగు మీద కూర్చుని చూస్తూ, "సముద్రం గట్టున అంత సరుగుడు పెట్టుకుని మనకి ఇదెందుకురా" అన్నారు. ఆ మాట నాకు గట్టిగానే పట్టుకుంది.

మా చిన్నప్పుడు మా ఇంట్లో గానీ మా చర్చిలో గానీ క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడే. ఇరవై రెండో తారీకు తెల్లారగట్ల నాన్న సైకిల్ మీద అంతర్వేది వైపు వెళ్లి, తోట కొట్టేవాళ్లని అడిగి ఒక కొస తెచ్చి, పాత నూనె డబ్బాలో ఇసుక పోసి నిలబెట్టేవారు. దూది ముక్కలు అంటించి రంగు కాగితాలు కట్టేవాళ్లం. ఇరవై ఐదు రాత్రికే అది తల వాల్చేసేది, కొత్త సంవత్సరం ఆరాధన నాటికి గోధుమరంగులోకి వచ్చేసేది. అదే సహజం అనుకున్నాం, నీళ్లు పెట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు.

కాబట్టి ఈ ఏడు రెండు పనులు పెట్టుకున్నాను. ఇంటికి వేళ్లతో సహా బతికున్న మొక్క, పండగ అయ్యాక కూడా పెరిగేది. చర్చికి ఎప్పటిలాగే సరుగుడు, కానీ జనవరి ఒకటి దాకా పచ్చగా నిలబెట్టాలి. ఏ రోజు ఏం చేశానో రాసి పెట్టుకుంటే వచ్చే ఏడు యూత్ పిల్లలకి పనికొస్తుందని ఈ డైరీ.

నవంబరు 22

బావకి ఫోన్ చేశాను. వాళ్లు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటారు, అక్కడి కొండల్లోనే ఫ్రేజర్ ఫర్ అనే రకాన్ని క్రిస్మస్ కోసం తోటలుగా పెంచుతారు. మనిషి ఎత్తు దాటాలంటే ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు కూడా పడుతుందట. బావ వాళ్లు ఏటా తోటకే వెళ్లి ఎంచుకుని కోయించుకుంటారు. ఆయన చెప్పినవి విన్నకొద్దీ మనం సరుగుడుకి ఏమేం తప్పు చేశామో ఒక్కొక్కటే అర్థమైంది.

ఎంచుకునేటప్పుడు కొమ్మని పిడికిట్లో వదులుగా పట్టుకుని మన వైపు లాగాలి, ఆకులు చేతిలోకి రాలకూడదు. ఫర్ ఆకు తాజాగా ఉంటే వంచగానే టక్కున విరుగుతుంది, పైన్ ఆకైతే తాజాగా ఉన్నప్పుడు విరక్కుండా వంగుతుంది. చెట్టుని కాస్త ఎత్తి మొదలు నేలకి తాకేలా దించితే లోపలి పాత ఆకులు కొన్ని రాలడం మామూలే, బయటి పచ్చ ఆకులు రాలితే మాత్రం అది కోసి చాలా రోజులైందని అర్థం. ఇంటికి తెచ్చాక మొదలు అర అంగుళం నుంచి అంగుళం దాకా అడ్డంగా, తిన్నగా కోసి వెంటనే నీళ్లలో పెట్టాలి, ఎందుకంటే కోసిన చోట కొన్ని గంటల్లోనే జిగురు గట్టిపడి నీళ్లు పైకి పోనివ్వదు. ఒకసారి నీటి మట్టం కోతకన్నా కిందికి దిగిందంటే మళ్లీ కోయాల్సిందే. బెరడు చెక్కకూడదు, ఎందుకంటే నీళ్లు ఎక్కువగా లాగేది బెరడుకి ఆనుకుని ఉన్న బయటి పొరలే. పంచదార, ఆస్పిరిన్ లాంటివి వేయనక్కర్లేదు, మామూలు నీళ్లు చాలు. కాండం మందం అంగుళానికి రోజుకి దాదాపు లీటరు లెక్కన తాగుతుంది, మొదటి రోజు ఇంకా ఎక్కువ. అలా చూసుకుంటే నాలుగైదు వారాలు నిలుస్తుంది.

"మరి ఆ ఫర్ మొక్కే ఇక్కడ పెంచితే?" అని అడిగాను. చలి ప్రాంతపు చెట్టు, మన ఎండలకి తట్టుకోదు అన్నారు. నిజమే, మే నెలలో మా ఊళ్లో కొబ్బరి చెట్లే అలిసిపోయినట్టు కనిపిస్తాయి.

నవంబరు 25

కడియం వెళ్లాం. నేను, మా ఆవిడ, పాప, ట్రాలీ ఆటో నడిపే మా బాబాయి. రాజోలు నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం, అక్కడ గౌతమి వంతెన దాటితే జొన్నాడ, ఇంకాస్త ముందుకి వెళ్తే హైవేకి రెండు వైపులా కడియపులంక నర్సరీలే. దారి పొడవునా కోతలైన ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉంది.

అక్కడ "క్రిస్మస్ చెట్టు" అని అడిగితే మూడు రకాలు చూపిస్తారు. గోల్డెన్ సైప్రస్ పసుపుపచ్చగా, కోసుగా అందంగా ఉంటుంది కానీ ఇంట్లో నీడలో పెడితే లోపలి నుంచి ఎండిపోతూ వస్తుంది, పైగా దాని కొమ్మలకి ఏమీ వేలాడదీయలేం. తూజా చేతులు జోడించినట్టు నిటారుగా ఉంటుంది, గేటు పక్కన పెట్టుకోవడానికి మంచిది. మూడోది అరకేరియా. ఒక్కో అంతస్తులో ఐదారు కొమ్మలు గొడుగు ఊచల్లా నాలుగు వైపులకీ విచ్చుకుంటాయి, అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఖాళీ ఉంటుంది, నక్షత్రాలు కట్టడానికి ఆ ఖాళీ సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో వెలుతురున్న చోట పెడితే ఓర్చుకుంటుంది. అదే తీసుకోవాలని ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను.

ఇవి పసిఫిక్ దీవుల చెట్లు. నార్‌ఫోక్ దీవి రకం ఒకటి, న్యూ కలెడోనియా రకం ఒకటి, రెండు దీవులనీ కెప్టెన్ కుక్ ఓడ 1774లో చూసింది, అందుకే రెండో దాన్ని కుక్ పైన్ అంటారు. పైన్ అన్నారు గానీ రెండూ పైన్ కుటుంబానివి కావు. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. మన నర్సరీల్లో మొదటి పేరుతో రెండోది అమ్మడం మామూలే, పెంపకంలో మనకి పెద్ద తేడా లేదు. సముద్రపు దీవుల్లో పుట్టినవి కాబట్టి ఉప్పుగాలికి భయపడవు. ఇది నాకు చాలా ధైర్యం ఇచ్చింది, మా ఇంటికి సముద్రం ఎంతో దూరం లేదు.

ఎంచుకోవడానికి గంటన్నర పట్టింది. ఆటో బాడుగ పెరుగుతోందని బాబాయి తొందరపెట్టినా నేను కదల్లేదు. ముందు చూడాల్సింది తల చిగురు. కొబ్బరికి మొవ్వు ఎలాగో దీనికి నడినెత్తి చిగురు అలాగ, అది విరిగిందంటే పక్క కొమ్మ లేచి దాని చోటు తీసుకోవడం కష్టం, చెట్టు ఆకారం పోతుంది. పక్క కొమ్మ కోసి నాటినా అంతే, వేళ్లయితే వస్తాయి గానీ జీవితాంతం పక్కకే పాకుతుంది తప్ప నిటారుగా లేవదు. తర్వాత చూడాల్సింది అడుగు అంతస్తు, ఎందుకంటే ఒకసారి ఎండి రాలిన కొమ్మ అక్కడ మళ్లీ రాదు. ఐదడుగుల మొక్క ఒకటి దూరం నుంచి చాలా బాగుంది, దగ్గరికెళ్తే కింద రెండడుగులు బోడి. ఇంకోటి గుబురుగా ఉంది, మట్టి తప్పించి చూస్తే ఒకే కవరులో మూడు మొక్కలు, పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

చివరికి తీసుకున్నది నాలుగడుగుల ఒంటి మొక్క. ఆరు అంతస్తులు, కింద నుంచి పైదాకా పచ్చగా. దానికన్నా ఒత్తుగా, పొడవుగా ఉన్నవి నాలుగైదు చూశాం, పాప వాటి దగ్గరే నిలబడిపోయింది. కానీ నేను డిసెంబరు ఇరవై నాలుగుకి ఎలా ఉంటుందని కాదు, ఫిబ్రవరికి ఎలా ఉంటుందని చూసి ఎంచుకున్నాను, ఈ పనంతటికీ అదే లెక్క అని నాకు అనిపించింది.

నర్సరీ ఆయన్ని నీళ్ల గురించి అడిగితే, "ఆయ్, మట్టి ఆరనివ్వకండి, అలాగని బురద చెయ్యకండి, అంతేనండి" అన్నాడు. ఆ రెండో మాట నేను సరిగ్గా చెవిన పెట్టలేదని పది రోజులకి తెలిసింది. తొమ్మిది వందలు తీసుకున్నాడు. మోసేటప్పుడు కాండం పట్టుకుని ఎత్తకూడదు, కవరు అడుగున చేతులు వేసి ఎత్తాలి. తల చిగురుకి గాలి కొట్టకుండా పాత చీర చుట్టి ఆటోలో పడుకోబెట్టి తెచ్చాం.

డిసెంబరు 3

నర్సరీలో షేడ్ నెట్ కింద ఉన్న మొక్క కాబట్టి ఒకేసారి హాల్లోకి తేకుండా వీధి అరుగు మీద, పొద్దుటెండ రెండు గంటలు తగిలే చోట పెట్టాను. చర్చి నుంచి వస్తూ పెద్ద సిమెంటు కుండీ కొన్నాను, కవరు చింపకుండా అందులో దింపి చుట్టూ ఇంటి వెనక మట్టి నింపాను. తొందరపడి చేసిన పని అది.

డిసెంబరు 6

మిచౌంగ్ తుపాను. నిన్న బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు మూడు రోజులుగా వానే. ఊరంతా ధాన్యం రాశుల మీద బరకాలు కప్పుకోవడంలో ఉంది, నేనూ మామయ్య వాళ్ల కళ్లంలో బస్తాలు మోయడానికి వెళ్లాను, మొక్క సంగతి ఎవరికీ గుర్తులేదు. వచ్చి చూస్తే కుండీలో వేలు మందాన నీళ్లు నిలబడి ఉన్నాయి. అడుగున కన్నం ఉంది గానీ మా మట్టి బంకమట్టి, అది జారి కన్నం మూసేసింది. కింది అంతస్తులో రెండు కొమ్మలు కొసల్లో పసుపు తిరిగాయి.

చాలా బాధేసింది. ఊళ్లో పంటలే నీళ్లలో ఉంటే కుండీలో మొక్క గురించి బాధపడటం ఏమిటని ఒక పక్క అనిపించినా, నా చేతుల మీదుగా జరిగినది కదా.

డిసెంబరు 8

వాన తగ్గింది. కుండీ పక్కకి వంచి మొత్తం బయటికి తీశాను. కవరు చింపితే లోపల నల్లమట్టి ముద్ద తడిసి బరువెక్కి ఉంది. వేళ్లు చూశాను: ఎక్కువ భాగం లేత గోధుమరంగులో గట్టిగానే ఉన్నాయి, అడుగున నాలుగైదు మాత్రం నల్లబడి, పట్టుకుంటే పైతోలు జారిపోతున్నాయి, వాటిని శుభ్రమైన కత్తెరతో తీసేశాను. ముద్దని పూర్తిగా విప్పలేదు, ఈ జాతికి వేళ్లు కదిపితే కోపం, అందుకని బయట అరంగుళం మట్టి మాత్రం నెమ్మదిగా రాల్చాను.

కొత్త మట్టి ఇలా కలిపాను: ఎర్రమట్టి రెండు వంతులు, గోదావరి ఇసుక రెండు వంతులు, కొబ్బరి పొట్టు ఒక వంతు, వర్మీ కంపోస్ట్ ఒక వంతు. కొబ్బరి పొట్టు మాకు పీచు మిల్లు దగ్గర ఊరికే ఇస్తారు, కానీ తెచ్చింది తెచ్చినట్టు వాడకూడదు, రెండు రోజులు నీళ్లు మార్చి మార్చి కడిగితే గానీ అందులో ఉప్పు, టీ డికాషన్ లాంటి రంగు పోవు. కుండీ అడుగున మూడు కన్నాలు కొత్తగా పెట్టించాను, వాటి మీద పెంకు ముక్కలు బోర్లించి, కుండీని మూడు ఇటుకల మీద నిలబెట్టాను. ఒక బకెట్టు నీళ్లు పోస్తే నిమిషంలో కిందికి వచ్చేశాయి. ఎరువులేవీ వేయలేదు, దెబ్బతిన్న వేళ్లకి ఎరువు వేస్తే ఇంకా మాడతాయి.

డిసెంబరు 12

పసుపు ముందుకు పాకలేదు. రెండు కొమ్మల కొసలు పోయినట్టే, మిగిలిందంతా పచ్చగా ఉంది. ఇప్పుడు నీళ్లు రోజూ కాదు, వేలు రెండు కణుపులు లోపలికి పెట్టి పొడిగా తగిలితేనే. ఈ చలికి, ఈ తేమకి నాలుగైదు రోజులకొకసారి సరిపోతోంది.

చర్చి చెట్టు కోసం చిన్న పరీక్ష ఒకటి మొదలుపెట్టాను. ఒకే చెట్టు నుంచి వచ్చిన రెండు సరుగుడు కొమ్మలు, బొటనవేలు మందం. ఒకటి నాన్న పద్ధతిలో తడి ఇసుక డబ్బాలో. రెండోది మొదలు అంగుళం కోసి, బకెట్లో నీళ్లు పోసి చుట్టూ రాళ్లు పేర్చి.

డిసెంబరు 16

ఇసుకలోది వాలిపోయింది, రోజూ తడుపుతున్నా సరే. నీళ్లలోది ఇవాళ్టికీ తాజాగా ఉంది. నాన్నకి చూపిస్తే చాలాసేపు రెండూ పట్టుకుని చూసి, "ఇన్నేళ్లూ దానికి దాహం వేసిందన్నమాట" అన్నారు.

నిజానికి సరుగుడు ఫర్ లాంటి చెట్టు కానే కాదు. ఆకులని మనం అనుకునేవి సన్నని రెమ్మలు, అసలు ఆకులు ఒక్కో కణుపు దగ్గర చిన్న పళ్ల వరసలా ఉంటాయి, కళ్లు దగ్గర పెట్టి చూస్తేనే కనిపిస్తాయి. చిన్నప్పుడు కణుపు దగ్గర లాగి విడదీసి, మళ్లీ అతికించి, "ఎక్కడ విడదీశానో చెప్పు" అని ఆడుకునేవాళ్లం కదా, తాజాదనం చూడటానికి ఆ ఆటే పనికొచ్చింది. తాజాగా ఉన్న రెమ్మ కణుపు దగ్గర టప్పుమని శుభ్రంగా విడిపోతుంది, వాడినది సాగి నారలా వస్తుంది.

డిసెంబరు 20

అరకేరియాని హాల్లోకి తెచ్చాం. తూర్పు కిటికీ పక్కన, వంటింటికి దూరంగా, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట. రెండు రోజులకొకసారి కుండీని పావు వంతు తిప్పుతున్నాను, లేకపోతే వెలుతురు వైపే ఒరుగుతుంది. అడుగున పళ్లెం ఉంది, నీళ్లు పోసిన అరగంటకి అందులోవి పారబోస్తాం.

అలంకరణ అమ్మ చేతికి వదిలేశాను. ఈ కొమ్మలు మెత్తగా ఉంటాయి, గాజు బంతులు బరువుకి కిందికి లాగేస్తాయి. అమ్మ పెళ్లికి ముందు నర్సాపురం వైపు అమ్మాయి, లేసు అల్లడం అక్కడి ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. ఎప్పుడో మిషనరీ దొరసానులు నేర్పిన పని తరాలు దాటి ఇంకా అక్కడి ఇళ్లకి కూడు పెడుతోంది. అమ్మ నెల నుంచి కూర్చుని ఇరవై నాలుగు తెల్ల లేసు నక్షత్రాలు అల్లి, గంజి పెట్టి, చాప మీద గుండుసూదులు గుచ్చి ఆరబెట్టింది. ఒక్కోటి ఎంత తేలికంటే కొమ్మకి కట్టినా కొమ్మ కదల్లేదు. లైట్లు ఎల్‌ఈడీ సీరియల్ సెట్టు ఒక్కటే, పాత బల్బుల సెట్టు వేడెక్కుతుంది కాబట్టి వాడలేదు. తల చిగురుకి ఏమీ కట్టలేదు. పెద్ద నక్షత్రాన్ని పైకప్పు కొక్కేనికి దారంతో వేలాడదీసి చిగురుకి జానెడు ఎత్తున ఆపాం.

డిసెంబరు 22

యూత్ పిల్లలు ఆరుగురితో కలిసి అంతర్వేది వైపు వెళ్లాం. అక్కడ కర్రల కోసం సరుగుడు కొడుతున్న రైతు ఒకాయన దగ్గర, అప్పుడే పడిన చెట్టు కొస తొమ్మిదడుగులది తీసుకున్నాం. కర్ర ఎలాగూ అమ్మేస్తారు, కొసలు పొయ్యిలోకే పోతాయి, కాబట్టి మన కోసం ఒక చెట్టు అదనంగా కొట్టినట్టు కాలేదు. తడి గోనె చుట్టి గంటన్నరలో చర్చికి చేర్చాం, రంపంతో అంగుళం కోసి, పెద్ద బకెట్లో రాళ్ల మధ్య నిలబెట్టి, పైన కిటికీ ఊచలకి రెండు తాళ్లు కట్టాం. మొదలు రెండంగుళాల మందం. మధ్యాహ్నం రెండింటికి గుర్తు పెట్టిన నీళ్లు మర్నాటికి లీటరున్నర తగ్గాయి. బావ చెప్పిన లెక్కకి అంత దూరంగా ఏమీ లేదు.

కొవ్వొత్తుల ఆరాధనకి చెట్టు పక్కన ఎవరూ నిలబడకూడదని పాస్టరుగారితో చెప్పి ముందే తాడు కట్టించాం. ఎండిన సరుగుడు ఎంత వేగంగా అంటుకుంటుందో దానితో పొయ్యి రాజేసిన ఎవరికైనా తెలుసు.

డిసెంబరు 25

ఉదయం నాలుగింటికి క్యారల్స్ వాళ్లు వచ్చేసరికి హాల్లో లైట్లు వేసి ఉన్నాయి. పాప తన చెట్టు దగ్గర నుంచి కదల్లేదు. చర్చి చెట్టుకి ఇవాళ ముప్పావు లీటరు పోశాను.

జనవరి 1, 2024

చర్చి చెట్టు పదకొండో రోజు. ఎనిమిదో రోజు నుంచి నీళ్లు తాగడం బాగా తగ్గింది, లోపలి రెమ్మలు కొద్దిగా రాలుతున్నాయి, కానీ పచ్చదనం పోలేదు. ఆరాధన అయ్యాక నాన్న దాని కింద నిలబడి ఫోటో తీయమన్నారు. రేపు విప్పి, కర్రని పందిరి గుంజకి, రెమ్మల్ని పాదుల మీద కప్పడానికి వాడతాం.

జనవరి 3

అరకేరియాని అరుగు మీదికి తెచ్చాను, పధ్నాలుగు రోజులు లోపల ఉంది. ఒకేసారి ఎండలో పెడితే ఆకులు మాడతాయి, అందుకే వారం పూర్తి నీడ, తర్వాత పొద్దుటెండ. పోయిన రెండు కొసలు కత్తిరించాలనిపించింది గానీ మిగతా కొమ్మ పచ్చగానే ఉంది కాబట్టి ముట్టుకోలేదు.

జనవరి 21

సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరూ దాన్ని ఎక్కడ నాటుతావని అడిగారు. ఇంటి దొడ్లో కుదరదు. సొంత దీవిలో కుక్ పైన్ అరవై మీటర్ల దాకా పెరిగే చెట్టు, మన దగ్గర అందులో సగం పెరిగినా కొబ్బరి చెట్లని దాటిపోతుంది. చర్చి స్థలంలో ఉత్తరం గోడ వైపు చోటు చూశాం. దక్షిణం వైపు కూడా ఖాళీ ఎందుకు కావాలంటే, ప్రపంచమంతా పెరుగుతున్న కుక్ పైన్‌లని కొలిచి 2017లో ఒక పరిశోధన వచ్చింది, అవి భూమధ్యరేఖ వైపు, సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు ఒరిగి పెరుగుతాయట. మనకి అది దక్షిణం. అటు కరెంటు తీగలు ఉండకూడదు. మన బంకమట్టిలో గొయ్యి తీసి పెడితే అది నీళ్ల తొట్టి అవుతుంది, డిసెంబరులో చూశాంగా, కాబట్టి మోకాలెత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి. దిబ్బకి ఇసుక మోయించే పని యూత్ వాళ్లు తీసుకున్నారు.

మార్చి 10

పొద్దున నీళ్లు పోస్తుంటే పాప ముందు చూసింది. తల చిగురు చుట్టూ లేత ఆకుపచ్చ మొటిమలు ఐదు, సమానమైన దూరంలో. ఏడో అంతస్తు. టేపు పెట్టి కొలిస్తే నాలుగడుగుల రెండంగుళాలు. నాన్నని పిలుచుకొచ్చి అరుగు మీద కుర్చీ వేసి చూపించాను, ఆయన వేలితో తాకబోయి ఆగిపోయారు.

ఎండలు ముదురుతున్నాయి, రేపటి నుంచి రెండు రోజులకొకసారి నీళ్లు, మధ్యాహ్నం చాప అడ్డం. తొలకరి పడేదాకా కుండీలోనే.